0.25 పెద్దదా, 0.036 పెద్దదా?

జగిత్యాల, కోరుట్ల దిక్కు నుంచి గల్ఫ్ పోయినోళ్లు అనగానే మేస్త్రీలు, డ్రైవర్లే గుర్తుకొస్తారు. నాది ఇన్సులేషన్ పని. ఏసీ గాలి పోయే డక్టులకు గ్లాస్ వూల్ చుట్టాలి, చల్లనీళ్ల పైపులకు రబ్బర్ ఫోమ్ తొడగాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించొద్దని రూలు. ఆ తీరిక వేళ మెటీరియల్‌తో వచ్చిన కాగితాలు చదవడం నాకు అలవాటైంది. అమెరికా సరుకు కాగితం మీద ఉష్ణవాహకత 0.25 అని ఉండేది. యూరప్ సరుకు మీద 0.036. చూడగానే రెండోదే ఎన్నో రెట్లు మేలనిపిస్తుంది. నిజానికి రెండూ ఒక్కటే.

ఉష్ణవాహకత అంటే ఒక వస్తువు తన గుండా వేడిని ఎంత సులువుగా దాటనిస్తుందో చెప్పే అంకె. మెట్రిక్ పద్ధతిలో మీటరు మందం, చదరపు మీటరు వైశాల్యం, రెండు వైపుల మధ్య ఒక సెల్సియస్ డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెబుతారు. రాగికి ఇది దాదాపు 400, కదలని గాలికి 0.026. గ్లాస్ వూల్ బలమంతా గాజు పోగుల్లో లేదు, వాటి మధ్య చిక్కుకున్న గాలిలో ఉంది. చలికాలం బొంత చేసే పనీ అదే. అందుకే ఇన్సులేషన్ తడవకూడదు. నీటి ఉష్ణవాహకత 0.6. గాలి ఉన్న చోట నీళ్లు చేరితే వేడికి దారి ఇచ్చినట్టే.

అమెరికా కాగితం ఇదే సంగతిని వేరే కొలతల్లో చెబుతుంది. పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించే వేడిని ఒక బీటీయూ అంటారు. అంగుళం మందం, చదరపుటడుగు వైశాల్యం, ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ తేడా ఉంటే గంటకు ఎన్ని బీటీయూలు దాటుతాయన్నదే వాళ్ల అంకె.

దీన్ని మార్చడానికి సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు. ఒక్కో ముక్కను విడిగా మార్చితే చాలు. గంటకు ఒక బీటీయూ అంటే 0.293 వాట్లు. అంగుళం 0.0254 మీటర్లు. చదరపుటడుగు 0.0929 చదరపు మీటర్లు. ఫారెన్‌హీట్ డిగ్రీ తేడా అంటే సెల్సియస్‌లో తొమ్మిదింట ఐదు వంతులు. మొదటి రెండింటినీ గుణించి, తర్వాతి రెండింటి లబ్ధంతో భాగిస్తే 0.1442 వస్తుంది. 0.25ను దీంతో గుణించండి, 0.036 తేలుతుంది. వెనక్కి పోవాలంటే 6.93తో గుణించాలి.

దారిలో రెండు గోతులున్నాయి. కొన్ని అమెరికా పట్టికలు మందాన్ని అంగుళాల్లో కాక అడుగుల్లో లెక్కిస్తాయి. అప్పుడు గుణించాల్సింది 0.1442తో కాదు, 1.73తో. ఇది గమనించకపోతే జవాబు పన్నెండు రెట్లు తప్పుతుంది. రెండోది 32. జ్వరం కొలతను మార్చేటప్పుడు 32 తీసేస్తాం కదా, ఇక్కడ తీయకూడదు, ఇది రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా. కానీ అదే కాగితం మీద 'సగటు ఉష్ణోగ్రత 75 ఫారెన్‌హీట్ దగ్గర కొలిచాం' అని ఉంటుంది. అది తేడా కాదు, అసలు ఉష్ణోగ్రత. దానికి మాత్రం 32 తీసేయాలి, 24 సెల్సియస్ వస్తుంది.

మా దిక్కు ఈ లెక్క ఎక్కడ పనికొస్తుందంటే సిరిసిల్లలో చూడండి, రేకుల కింద సాంచాలు (మరమగ్గాలు) నడిచే షెడ్లలో. ఎండాకాలం రేకు 65 డిగ్రీలకు ఎక్కి, లోపల 35 ఉందనుకుందాం. ఇనుప రేకు వేడిని ఆపదు. దాని కింద 50 మిల్లీమీటర్ల గ్లాస్ వూల్ పరిస్తే ఎంత వేడి దాటుతుందో తెలియాలంటే, ముందు మందాన్ని ఉష్ణవాహకతతో భాగించాలి. 0.05ను 0.036తో భాగిస్తే దాదాపు 1.39. ఇది ఆ పొర నిరోధం. 30 డిగ్రీల తేడాను దీంతో భాగిస్తే చదరపు మీటరుకు 22 వాట్ల లోపే దాటుతుంది. అమెరికా సరుకు మీద ఇదే నిరోధాన్ని ఆర్-8 అని రాస్తారు, 1.39ను 5.68తో గుణిస్తే వచ్చేది దాదాపు అదే. ఒక్క సంగతి సాంచాలు నడిపించే ఆసాములు మరవొద్దు. సాంచాల మోటార్ల వేడి లోపలే పుడుతుంది. గాలి బయటికి పోయే దారి లేకుండా పైన ఎంత పరిచినా ఆ వేడి పోదు.

ఏసీ కొనేవాళ్లకూ ఈ గందరగోళం తప్పదు. షాపులో ఒకటిన్నర టన్ను అంటారు, లేబుల్ మీద వాట్లుంటాయి. 2000 పౌన్ల మంచును 24 గంటల్లో కరిగించేంత వేడిని లాగడమే ఒక టన్ను, అంటే గంటకు 12,000 బీటీయూలు, 3,517 వాట్లు. ఇది గదిలోంచి లాగే వేడి, కాలే కరెంటు కాదు.

ఇన్సులేషన్ కొనేటప్పుడు 'నంబర్ వన్ మాల్' అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఉష్ణవాహకత ఎంత, ఏ కొలతలో, ఏ సగటు ఉష్ణోగ్రత దగ్గర, మందమెంత? ఈ నాలుగూ అడగండి. ఇద్దరు దుకాణదారుల అంకెలను ఒకే కొలతలోకి మార్చాకే ధర మాట్లాడండి.