మతి తప్పినవాని నేరము

ఒక దేహమున నిద్దఱు వసింపగలరా యను సందేహము మన పల్లెలకు క్రొత్తది కాదు. గోదావరి తీరమున జాతరనాడు పూనకము వచ్చినవారు వేఱు కంఠముతో మాటలాడుటయు, పిమ్మట తామేమియు నెఱుగమనుటయు పాఠకులు చూచియే యుందురు. పూనకమెల్ల రోగము కాదు. కాని మనస్సు చీలి, యొక వ్యక్తిగా నున్నప్పుడు చేసినది వేఱొక వ్యక్తిగా మాఱినప్పుడు జ్ఞప్తికి రాకుండు వ్యాధి కలదని వైద్యులు చెప్పుచున్నారు. అట్టివాడు హత్య చేసినచో శిక్ష యెవ్వరికి?

అమెరికా దేశమున నీ ప్రశ్న రెండు విధముల తేలినది. 1978లో ఒహాయో రాష్ట్ర న్యాయస్థానము బిల్లీ మిల్లిగన్ అనువానిని బహువ్యక్తిత్వ రోగి యను కారణమున నిర్దోషిగా నెంచి చికిత్సాలయమునకు పంపెను. మఱుసటి యేడు కాలిఫోర్నియా హత్యల నిందితుడు కెన్నెత్ బియాంకీ యదే రోగమును నటించి, వైద్యపరీక్షలో పట్టుబడి, నేరము నొప్పుకొనెను. రోగమే లేదనుటయు తప్పే. చెప్పినదెల్ల నమ్ముటయు తప్పే.

మన శాసనము రోగము పేరు నడుగదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు 84వ సెక్షనునందలి సూత్రమే 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షనుగా నమలులో నున్నది. చిత్తవైకల్యముచే, ఆ పని చేయు క్షణమున దాని స్వభావమునుగాని, అది తప్పో శాసనవిరుద్ధమో యనిగాని తెలిసికొనజాలకుండెనా? ఇదియే పరీక్ష. తరువాత జ్ఞప్తి లేదన్నంత మాత్రమున విముక్తి లేదు. విముక్తుడైనవాడును తిన్నగా నింటికి పోడు. సురక్షిత నిర్బంధమున నుంచుటయో, పూచీపై బంధువుల కప్పగించుటయో జరుగును.

నిరూపణభారము నిందితునిదే. సంభావ్యత చూపిన చాలుననియు, కృత్యమునకు ముందు, ఆ సమయమున, తరువాత వాని నడవడిని చూడవలెననియు సుప్రీంకోర్టు 1964లో దహ్యాభాయి కేసున చెప్పెను. దయగల తీర్పే. కాని యా నడవడికి సాక్ష్యమెక్కడిది? కలవారి బిడ్డకు పట్టణపు వైద్యుల చీటీలుండును. కూలివానికి భూతవైద్యుడు కట్టిన తాయెత్తు తప్ప నేమున్నది? తాయెత్తు కోర్టున సాక్ష్యము చెప్పదు.

2021 జనవరిలో మదనపల్లెలో తమ కూతుళ్ల నిద్దఱను చంపిరని నిందింపబడిన తల్లిదండ్రులను వైద్యమునకై విశాఖపట్నము మానసిక చికిత్సాలయమునకు పంపవలసి వచ్చెను. రాష్ట్రపు దక్షిణపు కొసనుండి ఉత్తరపు కొసకు! మానసిక వైద్యుడు జిల్లా జిల్లాకు, రాజమహేంద్రవరము వంటి ప్రతి సెంట్రల్ జైలుకు నందుబాటులో నుండవలెనని మేము కోరుచున్నాము. నిందితుడు పట్టుబడిన దినముననే పరీక్ష జరుగవలెను. నెలలు గడచినచో రోగియు, వేషధారియు నొక్కటే పోలికగా కనబడుదురు.

ప్రభుత్వమును మాత్రమే యన్న చాలదు. రైతులారా, మీ యింట పాలేరుకుగాని, బంధువుకుగాని మతి చెదరినట్లు తోచినచో గాలి యని త్రోసివేయక వైద్యునియొద్దకు కొనిపొండు, చీటీ భద్రపఱుపుడు. ఆ చీటీ ముందు ప్రాణము నిలుపును. విధివశమున నేరమే జరిగినచో, న్యాయమును నిలుపును.