సాగరతీరాన స్మృతిపథం

చెరువు, ఆలయం, వనం, అగ్రహారం, కావ్యం, నిధి, పుత్రుడు... వీటిని మన పెద్దలు సప్తసంతానాలన్నారు. మనిషి వెళ్లిపోయినా అతని పేరును నిలిపేవి ఇవేనని వారి భావన. ఈ ఏడింటిలో బాట లేదు. కానీ ఇల్లూ సంసారమూ ఏర్పడకముందే యుద్ధభూమిలో నేలకొరిగిన ఎందరో యువకులకు ఒక బాటే సంతానమై నిలిచిన చోటు ఉంది. అదే ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, సముద్రపు ఒడ్డునే సుమారు 240 కిలోమీటర్లు సాగే గ్రేట్ ఓషన్ రోడ్.

మెల్‌బోర్న్‌లో స్థిరపడిన పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు ఒక్కరోజులో చూసి రాదగిన దారి ఇది. మీకు ఆ అవకాశం కలిగితే, కెమెరాతోపాటు ఈ బాట కథను కూడా వెంట తీసుకువెళ్లండి.

పలుగూ పారా పట్టిన సైనికులు

వేకువనే బయలుదేరితే సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని టార్కీ పట్టణం వద్ద ఈ రహదారి మొదలవుతుంది. కొంతదూరం పోయాక ఈస్టర్న్ వ్యూ అనే చోట రోడ్డుకు అడ్డంగా కొయ్యదూలాల తోరణం కనిపిస్తుంది. ఆ పక్కనే పలుగూ పారా పట్టిన ఇద్దరు శ్రామికుల విగ్రహాలు ఉంటాయి. అక్కడ తప్పక ఆగండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 60 వేలమంది ఆస్ట్రేలియన్లు అసువులు బాశారు. వారి స్మృతిచిహ్నంగా, తిరిగివచ్చిన వారికి జీవనోపాధిగా ఈ నిర్మాణం 1919లో ఆరంభమైంది. దాదాపు మూడువేలమంది మాజీ సైనికులు గుడారాలలో నివసిస్తూ, నిటారుగా ఉన్న కొండచరియలను పలుగులతో, పారలతో, మందుపాతరలతో తొలిచారు. ఆ పనిలోనూ కొందరు ప్రాణాలు కోల్పోయారు. యుద్ధంలో తోటివారిని పోగొట్టుకున్న చేతులే వారికోసం రాళ్లు మోశాయి. శ్రాద్ధమంటే శ్రద్ధతో చేసేదే కదా!

చూడని ఫలం

లార్న్ ఊరు దాటాక మౌంట్ డిఫయన్స్ వద్ద హోవర్డ్ హిచ్‌కాక్ స్మారకం ఉంది. జీలాంగ్ నగర మేయరుగా పనిచేసిన ఆయన, రహదారి ట్రస్టుకు నాయకత్వం వహించి విరాళాలు సేకరించారు. సొంత ధనమూ ఇచ్చారు. కానీ 1932 ఆగస్టులో కన్నుమూశారు. రహదారి ప్రారంభమైనది అదే ఏడాది నవంబరులో. ఆనాటి ఊరేగింపులో ప్రభుత్వ ప్రతినిధి వాహనం వెనుక హిచ్‌కాక్ కారును నడిపించారు. యజమాని లేడు, ఆయన తలపెట్టిన బాట మాత్రం ఉంది. ఫలాన్ని చూడకుండానే పని చేసినవారిని గౌరవించడానికి ఇంతకన్న మంచి మార్గమేముంటుంది? మొదట్లో సుంకం వసూలు చేసిన ఈ దారి, 1936లో ప్రభుత్వపరమై అందరికీ ఉచితమైంది.

కరిగే శిలలు

అపోలో బే వద్ద భోజనం ముగించుకుంటే, దారి కొంతసేపు ఆట్వే అడవులలోకి మళ్లి, మళ్లీ కడలిని చేరుతుంది. అక్కడ అలల నడుమ సున్నపురాతి స్తంభాలు నిలిచి ఉంటాయి. ఒకప్పుడు తల్లిపంది, పందిపిల్లలు అని పిలిచిన వాటికే తర్వాత పన్నెండుగురు అపొస్తలులని పేరు వచ్చింది. నిజానికి అవి ఏనాడూ పన్నెండు లేవు. 2005 జూలైలో వాటిలో ఒకటి క్షణాలలో కుప్పకూలింది. వాటిని చెక్కిన కెరటాలే వాటిని కరిగిస్తున్నాయి.

సమీపంలోనే లాక్ ఆర్డ్ గార్జ్ ఉంది. 1878 జూన్ 1న ఇక్కడ లాక్ ఆర్డ్ అనే ఓడ బద్దలైంది. అందులోని 54 మందిలో ఇద్దరే బతికారు. ఒడ్డుకు చేరిన టామ్ పియర్స్ అనే యువకుడు, ఆర్తనాదం విని తిరిగి చలినీటిలోకి దూకి ఈవా కార్మైకేల్‌ను బయటకు లాగాడు. తర్వాత కొండచరియ ఎక్కి సాయం తెచ్చాడు. ఓడలో ఉన్న ఆమె తల్లిదండ్రులూ, తోబుట్టువులూ ఆ ప్రమాదంలోనే ప్రాణాలు కోల్పోయారు. పైన ఉన్న సమాధుల వద్ద గాలి హోరు తప్ప మరో శబ్దం వినిపించదు.

పొద్దు వాలకముందే లోపలి దారిన తిరుగుముఖం పట్టండి. చీకటిలో కంగారూలు రోడ్డుకు అడ్డువస్తాయి. ఆ దారిలో ఒక్క విషయం ఆలోచించండి. శిలలు కరుగుతాయి, ఓడలు మునుగుతాయి. పోయినవారి పేర బతికినవారు చేసిన మేలు మాత్రం బాటసారులందరికీ అందుతూనే ఉంటుంది. ఇంటికి చేరాక మీ ఊరి చెరువును ఎవరు తవ్వించారో, ఎవరి జ్ఞాపకార్థం తవ్వించారో పెద్దలనడిగి తెలుసుకోండి. ఆ పేరును మీ మనుమలకు చెప్పండి. ఈ యాత్ర అప్పటికిగాని పూర్తికాదు.