సంచిలో ఒట్టి తునకలు... సంతలో వంజరం

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు పల్లెల్లో ఏ డాబా మీదైనా దండేనికి బట్టలకు బదులు పసుపు పట్టించిన మాంసం ముక్కలు వేలాడుతున్నాయంటే... దానికి రెండే కారణాలు. పండక్కి కోసిన యాట మాంసం మిగిలిందన్నా కావాలి. లేదంటే ఆ ఇంటి కొడుకుకో అల్లుడికో దుబాయ్ ప్రయాణమన్నా ఉండాలి. పక్కనే ఓ ముసలమ్మ కర్ర పట్టుకుని కాకుల్ని అదిలిస్తూ కూర్చుని ఉందా? అయితే రెండోదే. మిగిలిపోయిన పండగ మాంసానికి అంత కాపలా ఉండదు మరి!

1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పెద్దఎత్తున పనులు మొదలైనప్పటి నుంచీ పాత కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల వాళ్లు ఎడారి దారి పడుతూనే ఉన్నారు. వానను నమ్ముకున్న సేద్యం, ఎండిపోయిన బోర్లు, నెత్తిమీద అప్పులు... కారణాలు అందరికీ తెలిసినవే. ఒకప్పుడు బస్సెక్కి ముంబయి వెళ్లి అక్కడ విమానం పట్టుకునేవారు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక ఆ తిప్పలు చాలావరకు తగ్గాయి. దారి మారినా సంచి మాత్రం మారలేదు. సకినాలు, మామిడి తొక్కు, పుంటికూర తొక్కు, కారప్పొడి, వాటన్నిటి అడుగున గట్టిగా మూట కట్టిన ఒట్టి తునకలు.

పరాయి దేశంలో మనిషికి ముందుగా గుర్తొచ్చేది నాలుకే. దుబాయ్‌లో ఉద్యోగం చేసే స్పెయిన్ వాళ్లూ, ఇటలీ వాళ్లూ తమ ఊరి ఉప్పు మాంసం కోసం వెతుక్కుంటారు. పంది తొడను ఉప్పులో ఊరబెట్టి, గాలికి నెలల తరబడి ఆరబెట్టి చేసే హామ్ అది. మంచి రకాలకైతే ఏడాది దాటుతుంది. పల్చటి పొరల్లా కోసుకుని పచ్చిదే తింటారు. అది ఎక్కడ పడితే అక్కడ దొరకదు. యూఏఈలో కొన్ని పెద్ద సూపర్‌మార్కెట్లలో ఓ మూలన వేరే గది ఉంటుంది. బయట ‘ముస్లిమేతరులకు మాత్రమే’ అన్న బోర్డు. సౌదీ అరేబియాలోనో కువైట్‌లోనో అయితే ఆ ఆశే పెట్టుకోకూడదు. అక్కడ పంది మాంసం అమ్మడమే కాదు, బయటి నుంచి తెచ్చుకోవడం కూడా నిషేధమే.

క్యాంపులో ఉండే మనవాళ్లకు ఆ గదితో పెద్దగా పనిలేదు. ధర సంగతి అలా ఉంచితే, వంట గది ఉమ్మడిది. ఒకే పొయ్యి మీద కోరుట్ల వాళ్లూ, పెషావర్ వాళ్లూ, కేరళ వాళ్లూ వండుకుంటారు. ఎవరి మనసూ నొప్పించకుండా బతకడం అక్కడ ఎవరూ చెప్పకుండానే అలవాటవుతుంది. మనవాళ్ల కష్టం వేరే. మంచి మాంసం, మంచి చేప... ఈ రెండూ ఎలా సంపాదించాలి?

ఉప్పు, పసుపు, ఎండ

మాంసం సంగతి డాబా మీదే తేలిపోతుంది. ఎముకల్లేని మాంసాన్ని వేలెడు వెడల్పున పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ బాగా పట్టిస్తారు. కొందరు కారం, అల్లం వెల్లుల్లి ముద్ద కూడా కలుపుతారు. తాడుకు గుచ్చి ఎండలో మూడు నాలుగు రోజులు ఆరేస్తారు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగేస్తుంది. మిగిలినదాన్ని ఎండ తాగేస్తుంది. నీరు లేనిచోట కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. స్పెయిన్ వాడి తొడ మాంసానికీ మన తునకలకూ సూత్రం ఒకటే. వాడికి చలి కొండగాలి సాయం, మనకు వేసవి ఎండ సాయం. అంతే తేడా.

అరబ్బులకూ ఈ విద్య కొత్తేం కాదు. చేపలను ఉప్పులో ఊరవేసి నెలల తరబడి దాచుకునే ‘మాలెహ్’ యూఏఈ తీర ప్రాంతాల్లో పాతకాలం నుంచీ ఉంది. షార్జా ఎమిరేట్‌లోని దిబ్బా అల్ హిస్న్ పట్టణంలో దాని పేరిట ఏటా పండగే చేస్తారు.

ఒట్టి తునకలు ఇప్పుడు హోటళ్ల మెనూల్లోకి ఎక్కి ‘తెలంగాణ స్పెషల్’ అనిపించుకుంటున్నాయి గానీ, మొదట ఇవి లేమిలోంచి పుట్టిన తిండి. ఫ్రిజ్ లేని రోజుల్లో, మాంసం ఏడాదికి నాలుగైదుసార్లే కంటపడే ఇళ్లలో, దొరికినప్పుడే దాచుకోవాలి. దళిత వాడల్లో పెద్దకూర తునకలు ఎండబెట్టి కుండల్లో దాచుకుని వానాకాలమంతా నెట్టుకొచ్చేవారు. ఆ దండేలను చూసి ముక్కు మూసుకుని నడిచినవాళ్ల పిల్లలే ఇప్పుడు ప్లేటుకింత అని డబ్బులిచ్చి తింటున్నారు. బక్రీద్ తర్వాత ముస్లింల ఇళ్లలోనూ మిగిలిన మాంసం ఇలాగే ఎండుతుంది. వాళ్లు ‘సూఖా గోష్’ అంటారు.

క్యాంపు బతుకుకు ఇంతకంటే తగిన మాంసం లేదు. పొద్దున నాలుగింటికి లేచి బస్సెక్కి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాడికి వండుకునే ఓపిక ఎంత ఉంటుంది? గుప్పెడు తునకలు వేన్నీళ్లలో నానబెట్టి, రోకలి లేకపోతే గ్లాసు అడుగుతోనే నలగ్గొట్టి, ఉల్లిగడ్డతో నూనెలో వేయిస్తే చాలు. రెండు మెతుకులు ఎక్కువే దిగుతాయి. పుంటికూర దొరికితే ఇక పండగే. మామూలు రోజుల్లో మెస్సుల్లో దిక్కు బ్రెజిల్ నుంచి వచ్చే ఫ్రోజెన్ కోడి. చవక, ఎప్పుడూ దొరుకుతుంది. రుచి సంగతి అడక్కండి.

ఒక జాగ్రత్త ఉంది. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది. దుబాయ్, దోహా ఎడారి ప్రాంతాలే అయినా సముద్రం పక్కనున్నవి. వేసవిలో గాలి నిండా తేమే. ఇక్కడ మూటలో ఏడాది నిలిచిన తునకలకు అక్కడ వారాల్లోనే బూజు పట్టొచ్చు. విరిస్తే టప్పున విరిగేదాకా ఎండబెట్టి, గాలి చొరని కవర్లో కట్టి, అక్కడికి వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. బూజు కనిపిస్తే కడిగి వండుదామనుకోవద్దు. పారేయాల్సిందే.

గసగసాలు ఉన్నాయా... చూసుకోండి

అసలు ప్రమాదం తునకల్లో లేదు. వాటి పక్కన పెట్టే మసాలా పొట్లంలో ఉంది.

మన ఇళ్లలో మాంసం మసాలా అంటే ధనియాలు, లవంగాలు, చెక్క, ఎండు కొబ్బరి... వాటితోపాటు గసగసాలు. కూర చిక్కబడాలంటే అవి ఉండాల్సిందే అంటారు. యూఏఈలో, సౌదీ అరేబియాలో గసగసాలు దగ్గర పెట్టుకోవడం నేరం. అవి నల్లమందు మొక్క గింజలు. గింజలో మత్తు లేకపోయినా కాయలోని మార్ఫిన్ జాడలు పైకి అంటుకుని ఉంటాయి. ఆ దేశాల మత్తుమందుల చట్టాలు వంటింటికీ వ్యాపారానికీ తేడా చూడవు. ‘కూరలో వేసుకునేదే సార్’ అని ఎంత మొత్తుకున్నా వినేవాడుండడు. ఈ కారణంగా జైలుకు వెళ్లిన భారతీయులున్నారు. అక్కడి మన దౌత్య కార్యాలయాలు ప్రయాణికులను హెచ్చరిస్తూ వచ్చాయి కూడా.

అప్పు చేసి, వీసాకు డబ్బు కట్టి, మొదటి జీతం అందుకోకముందే చెంచాడు గింజల కోసం కటకటాల వెనక్కి వెళ్లడం కంటే ఘోరం ఇంకేముంటుంది? అందుకే మసాలా కొట్టే అమ్మకో అత్తకో ఈ మాట ముందే చెప్పాలి. కొట్టాక చెబితే లాభం లేదు. పొడిలో కలిసిపోయాక గసగసాలను ఏరలేం. పక్కింటివాళ్లు ‘మావోడికి ఇయ్యి బిడ్డా’ అని ఇచ్చే పొట్లాల విషయంలోనూ మొహమాటం వద్దు. విప్పి చూశాకే సంచిలో పెట్టాలి. ఎండు మాంసం తీసుకెళ్లే నిబంధనలు కూడా దేశానికో రకంగా ఉంటాయి, మారుతూనే ఉంటాయి. టికెట్ తీసుకునేటప్పుడే కనుక్కోవడం మంచిది.

చెరువు మనుషులు... సముద్రపు చేపలు

ఇక చేప. ఇది సంచిలో వెళ్లేది కాదు. అక్కడే కొనుక్కోవాలి. చిక్కంతా ఇక్కడే.

కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు చేప అంటే మంచినీటి చేపే. దిగువ మానేరు, కడెం, శ్రీరామసాగర్... లేదంటే ఊరి చెరువు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ, వాలుగ, జెల్ల, పరకపిల్లలు. అన్నిటికీ రాజు కొర్రమట్ట. తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర చేపగా గుర్తింపు కూడా పొందింది. నీళ్ల బయట కూడా గాలి పీల్చగల చేప కాబట్టి దాన్ని తొట్టిలో బతికుండగానే అమ్ముతారు. తాజాదా కాదా అన్న ప్రశ్నే రాదు.

అలాంటివాడు దుబాయ్ చేపల మార్కెట్లో నిలబడితే తల తిరుగుతుంది. దేరాలో దశాబ్దాల పాటు నడిచిన పాత చేపల మార్కెట్ 2017లో మూతపడి, అదే ఏడాది దేరా తీరంలోని వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌కు మారింది. చల్లటి ఏసీ హాలు, వరసలు వరసలుగా ఐసు బల్లలు, వాటి మీద యూఏఈ పడవల్లోనూ ఒమన్ నుంచి లారీల్లోనూ వచ్చిన చేపలు. హమూర్, షేరి, సాఫి, జుబైదీ... పేర్లే వినలేదు, ఇక రుచేం తెలుస్తుంది? మొదట్లో చాలామంది ‘నీసు వాసన’ అని ముక్కు చిట్లించి, క్యాంపు పక్కనున్న బకాలాలో ఫ్రోజెన్ రవ్వ కొనుక్కుని వెనక్కి వచ్చేస్తారు. బంగ్లాదేశ్, మయన్మార్‌ల నుంచి గడ్డకట్టించి పంపే రవ్వ అది. దాన్ని తప్పుపట్టలేం. కాకపోతే పైన మంచు పొర ఉంటుంది, దాని బరువుకూ డబ్బులు కట్టాల్సి వస్తుంది. కవరు మీద నికర బరువెంతో చదివి కొనాలి.

సముద్రపు చేపకు ఆ వాసన ఎందుకు? ఉప్పునీళ్లలో బతకడానికి దాని ఒంట్లో ఓ పదార్థం ఉంటుంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని వాసనొచ్చే పదార్థంగా మారుస్తాయి. మంచినీటి చేపల్లో ఇది అంతగా ఉండదు. పులుపు తగిలితే ఆ వాసన అణుగుతుంది. అంటే మన చింతపండు పులుసే దానికి మందు! కడిగేటప్పుడు కాస్త నిమ్మరసమో చింతపండు నీళ్లో పట్టించి, మెంతులు, ఎల్లిపాయ వేసి పులుసు పెడితే ఊరి రుచికి బాగా దగ్గరగా వస్తుంది. బొచ్చెను ఉడికించినంతసేపు మాత్రం ఉడికించకూడదు. వంజరం ముక్క ఎక్కువ ఉడికితే పీచులా ఎండిపోతుంది.

పేర్ల సంగతి ఎక్కువగా కేరళ వాళ్లే నేర్పుతారు. గల్ఫ్‌లో కిరాణా కొట్టు, హోటలు, చేపల బల్ల ఎక్కడ చూసినా వాళ్లేగా! కోస్తా ఆంధ్రలో వంజరం అనేదాన్ని అరబ్బులు కనాద్ అంటారు, మలయాళీలు నెయ్మీన్ అంటారు. మన చందువా అక్కడ జుబైదీ. కువైట్ వాళ్లకు దానిమీద ప్రాణం. కానాగంతలు మలయాళీల నోట ‘అయిల’. కవళ్లు ‘మత్తి’. సముద్రం చూడని జిల్లా నుంచి వెళ్లినవాడు నాలుగేళ్లకు ‘అయిల ఉందా చేట్టా?’ అని అడుగుతుంటాడు.

నన్నడిగితే క్యాంపు జీతానికి అయిల, మత్తే సరైనవి. చవక, మంచి కొవ్వులున్నవి. ముళ్లకు భయపడేవాళ్లు పండగ పూట వంజరం తెచ్చుకోవచ్చు, నడుమ ఒకే ముల్లు. హమూర్ పేరు గొప్పదే. ఆ పేరు వల్లే విచ్చలవిడిగా పట్టి, గల్ఫ్ జలాల్లో దాని సంఖ్య బాగా తగ్గిపోయింది. పేరు చూసి అంత డబ్బు పెట్టనక్కర్లేదు.

చచ్చిన చేపను చూసి కొనడం అలవాటు లేనివాళ్లు నాలుగు సంగతులు గమనించాలి. కళ్లు ఉబ్బి మెరుస్తూ ఉండాలి, లోపలికి పోయి తెల్లబడితే పాతది. మొప్పలెత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. సముద్రం వాసన రావచ్చు గానీ ఘాటుగా ముక్కుకు తగలకూడదు. కోయించాక అది ఏ చేపో గుర్తుపట్టలేం. కాబట్టి కొనేదాకా ముక్కలు చేయనివ్వద్దు. మార్కెట్లో కొనేచోటు వేరు, డబ్బులిచ్చి శుభ్రం చేయించుకునే చోటు వేరు. అక్కడ మన చేపను మన కళ్ల ముందే కోయించుకోవాలి.

కొన్నాక ఆలస్యం పనికిరాదు. నలభై అయిదు డిగ్రీల ఎండలో బస్సు కోసం గంట నిలబడితే మంచి చేప కూడా విషమవుతుంది. ముఖ్యంగా అయిల, ట్యూనా లాంటివాటిలో వేడికి హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. తింటే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు. ఎంత ఉడికించినా అది పోదు. అమ్మేవాణ్ని అడిగి సంచిలో ఐసు వేయించుకోవాలి. నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకుంటే ఆ ఖర్చు ఆస్పత్రి ఖర్చు కంటే తక్కువే.

ఏటా జూన్ మొదట్లో మృగశిర కార్తె వస్తుంది. మనవాళ్లకు మిరుగం. ఆ రోజు తెలంగాణలో చేప వండని ఇల్లు అరుదు. మానేరు గట్టున తెల్లారకముందే జనం మూగుతారు. ఆ రోజు సోనాపూర్ క్యాంపు గదుల్లోనూ ఫోన్లు మోగుతాయి. వీడియోలో ఇక్కడి పొయ్యి మీది బొచ్చె పులుసు అక్కడ కనిపిస్తుంది, అక్కడి గిన్నెలోని అయిల పులుసు ఇక్కడ కనిపిస్తుంది. ‘గదేం చేప బిడ్డా, గట్లున్నది?’ అని అవ్వ అడిగితే పేరు చెప్పడం వీడికి చేతకాదు.

రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చినవాణ్ని చేపల మార్కెట్లో ఇట్టే పట్టేయొచ్చు. తొట్టిలో ఎగురుతున్న కొర్రమట్టను కూడా మొప్పలెత్తి చూస్తాడు. అమ్మే ఆమెకు నవ్వాగదు.