హరిహర క్షేత్రంలో పశువుల సంత

పోతనగారి పుణ్యమా అని గజేంద్ర మోక్షం కథ మనకు చిన్నప్పుడే తెలుసు. ఆ ఏనుగూ, మొసలీ పోరాడింది ఇక్కడేనంటారు బీహారులోని సోన్‌పూర్‌వాళ్ళు. పాట్నాకు అవతలి ఒడ్డున, గండకీ నది గంగలో కలిసేచోట ఉందీ ఊరు. కార్తీక పౌర్ణమికి సంగమంలో మునిగి, హరిహరనాథుణ్ణి దర్శించుకోవాలని జనం విరగబడతారు. ఆ రోజుల్లోనే మొదలయ్యే పశువుల సంత దాదాపు నెల్లాళ్ళు సాగుతుంది.

ఒకప్పుడు ఈ సంత ఏనుగులకు పెట్టింది పేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాతి సవరణలతో వాటి అమ్మకానికి అడ్డుకట్ట పడింది. ఇప్పుడు గుర్రాలు, ఆవులు, గేదెలే ఎక్కువ.

నేను వెళ్ళినప్పుడు ఒకావిడ తన ఆవు మెడ నిమురుతూ నిలబడి ఉంది. దాణా పెట్టింది, పేడ ఎత్తింది, పాలు పితికింది ఆవిడే. బేరం మాత్రం భర్తది. "డబ్బు మీ చేతికొస్తుందా?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను. నవ్వేసి కొంగు సర్దుకుంది.

మన సంతల్లో మాత్రం వేరేగా ఉందా, చెప్పండి? చాకిరీ మనది, పైకం వాళ్ళది. ఇంట్లో పశువును అమ్మేముందు మనల్నీ ఓ మాట అడగమనడం గొంతెమ్మ కోరికేం కాదు కదా!