పీడకల తీర్పు కాదు

నిద్ర అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహం. ఆ నిద్రలోనే ఒక్కోసారి పీడకల వచ్చి మనిషిని వణికిస్తుంది. అయితే కల కన్నా, దాని తరువాత మన ఇళ్లలో జరిగేదే ఎక్కువ కీడు చేస్తోంది. గల్ఫ్‌లో ఉన్న కుమారునికి ఆపద కలిగినట్లు తల్లి కలగంటుంది. తెల్లవారగానే ఎవరో చేతబడి చేశారన్న అనుమానం, తావీజుల కోసం పరుగులు! చివరకు ఏ పాపమూ ఎరుగని బంధువుతో సంబంధమే తెగిపోతుంది.

కలలు మూడు విధాలని దైవప్రవక్త (స) బోధించారు. ఒకటి అల్లాహ్ తరఫు నుండి వచ్చే శుభవార్త, రెండవది షైతాన్ కలిగించే దుఃఖం, మూడవది మనిషి తన మనసులో మననం చేసుకునే విషయం. పగటి చింతలు రాత్రి కలలవుతాయని ఈ మూడవ రకం చెబుతోంది. అప్పుల బాధ, ఆప్తుల మరణం, పరీక్షల భయం ఇటువంటివే. జ్వరం, నిద్రలేమి, కొన్ని మందులు, నిద్రలో శ్వాసకు ఆటంకం కూడా పీడకలలకు కారణాలని వైద్యులు అంటారు.

పీడకల వస్తే ఎడమవైపు మూడుసార్లు తేలికగా ఉమ్మి, షైతాన్ కీడు నుండి అల్లాహ్ శరణు కోరాలని, పక్క మార్చి పడుకోవాలని, ఆ కలను ఎవరికీ చెప్పరాదని హదీసులలో ఉంది. లేచి నమాజు చేయడం కూడా ప్రవక్త (స) బోధనే. తన తల తెగి దొర్లిపోతుంటే వెంట పరుగెత్తినట్లు కలగన్నానని ఒక పల్లెవాసి విన్నవించుకున్నాడు. ప్రవక్త (స) దానికి ఏ భావమూ చెప్పలేదు. షైతాన్ ఆడిన ఆటను జనానికి చెప్పవద్దని మాత్రం వారించారు.

పడుకునే ముందు వుజూ చేయడం, ఆయతుల్ కుర్సీ, ఖుర్ఆన్‌లోని చివరి మూడు సూరాలు పఠించడం సున్నత్. పిల్లలు ఉలిక్కిపడి లేస్తే గద్దించకండి, దయ్యాల కథలతో భయపెట్టకండి. దగ్గరకు తీసుకుని దుఆ చదవండి. ప్రవక్త (స) తమ మనుమలు హసన్, హుసైన్ (రజి)ల కొరకు అల్లాహ్ శరణు వేడేవారు.

పీడకలలు పదే పదే వచ్చి నిద్రను, దైనందిన జీవితాన్ని చెరుపుతుంటే వైద్యుని సంప్రదించాలి. వైద్యునికి చెప్పడం కలకు భావం అడగడం కాదు, రోగానికి చికిత్స కోరడం. చికిత్స చేయించుకోమని ఆదేశించినదీ ప్రవక్త (స)యే.

పీడకల ఎవరి నేరానికీ సాక్ష్యం కాదు. దానిని నమ్మి బంధుత్వాన్ని తెంచుకోవడం షైతాన్‌ను సంతోషపెట్టడమే. అల్లాహ్ మన ఇళ్లకు ప్రశాంతమైన నిద్రను ప్రసాదించుగాక! ఆమీన్.