శంషాబాదు ఱాళ్ల పూర్వచరిత్రము

శంషాబాదు విమానాశ్రయమున దిగి హైదరాబాదునకుఁ బోవువారికి త్రోవపొడవునను ఱాతిగుట్టలు కనఁబడును. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లును, ఏనుఁగు వీఁపువంటి పెద్ద బండలును ఈ సీమకు స్వాభావికములు. 2008వ సంవత్సరము మార్చి నెలలో ఈ విమానాశ్రయము తెఱవఁబడినది. పిదప చుట్టుప్రక్కల బాటలును మేడలును పెరిగినకొలఁది గుట్టలు తఱిగిపోవుచున్నవి. ఈ ఱాళ్లనుగూర్చి జనులలో నొక మాట వాడుకగా నున్నది: లోకములోని యెల్ల ఱాళ్లకంటెను ఇవియే ప్రాచీనములని. ఈ మాట యెంతవఱకు నిజమో విచారించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

సమాధానమును ముందే చెప్పెదను. ఇవి లోకమున కెల్లఁ బ్రాచీనములు కావు. హైదరాబాదు సీమయందలి గ్రానైటు, అనఁగా కణశిల, గట్టిపడి రమారమి 250 కోట్ల సంవత్సరములైనది. భూమి వయస్సో సుమారు 455 కోట్లు. ఈ బండలు పుట్టునప్పటికి భూమి 200 కోట్ల యేండ్లు గడపియే యున్నది. కెనడా దేశమునందలి అకాస్టా శిల 400 కోట్లకుఁ బైఁబడినది. గ్రీన్లాండులోని ఇసువా శిలలు 370 కోట్ల నాఁటివి. అంతదూరము పోనక్కఱలేదు, కర్ణాటకములోని హాసను సీమయందు గొరూరు చెంత నున్న చారల ఱాళ్లు 330 కోట్ల నాఁటివి. ఐనను జనుల మాటను త్రోసివేయుటకును వీలు లేదు. ఏలయన, వీని రూపము వేఱు, వీని పదార్థము వేఱు. రూపము 250 కోట్ల నాఁటిదే. పదార్థములోఁ గొంత యంతకు మునుపే భూపటలమై యుండి, మరలఁ గరఁగి, ఈ రూపమును దాల్చినది.

ఈ పత్రిక చదువరులకుఁ దాళపత్రప్రతుల మర్యాద తెలియనిది కాదు. ప్రతి వ్రాయఁబడిన కాలము వేఱు, అందలి గ్రంథము పుట్టిన కాలము వేఱు. రెండువందలేండ్లనాఁటి తాటాకులపై వేయేండ్లనాఁటి కావ్య ముండవచ్చును. మన గుట్టలు అట్టి ప్రతులు. మూలగ్రంథ మెట్టిదో, దాని నెవరు తిరుగవ్రాసిరో తెలిసికొనవలెనన్న భూమియొక్క బాల్యమునకుఁ బోవలెను.

తొలుత భూమి కరఁగిన ఱాతిముద్ద. పైభాగము చల్లాఱినపు డేర్పడిన మొదటి పెంకు నేఁటి ఖండములవంటిది కాదు. అది సముద్రగర్భమునందలి నల్లని బసాల్టు ఱాతిజాతికిఁ జేరినది. బరువైనది గావున మరల లోపలికిఁ గ్రుంగి కరఁగుచుండెడిది. ఖండము నిలువవలె నన్న తేలికయైన ఱాయి కావలెను. అది యెట్లు పుట్టెను? నీటితోఁ గలసి మాఱిన బసాల్టు లోతునకుఁ బోయి వేఁడెక్కినపుడు అది యంతయు నొక్కమాఱు గరఁగదు; కొంతభాగము మాత్రము కరఁగును. వెన్న కాఁచినపుడు నేయి పైకిఁ దేలి గసి యడుగున నిలుచునట్లు, ఇసుకపాలును సోడియమును ఎక్కువగాఁ గల ద్రవము పైకి లేచును. గార్నెట్టు మున్నగు బరువైన ఖనిజములు అడుగున మిగులును. పైకి లేచిన ద్రవము గట్టిపడి బూడిదరంగు ఱాయి యైనది. టోనలైటు, ట్రాండ్జెమైటు, గ్రానోడయొరైటు అని దీని భేదములకు శాస్త్రజ్ఞులు పేళ్లు పెట్టిరి. దీని సాంద్రత నీటికి 2.7 రెట్లు; క్రిందనున్న ప్రావారముయొక్క సాంద్రత 3.3 రెట్లు. కావున నిది తేలియే యుండును. ఖండములకు మొదటి సామగ్రి యిదియే.

బసాల్టు లోతునకుఁ బోయిన విధమునుగూర్చి మాత్రము పండితులలో నేకాభిప్రాయము లేదు. నేఁటివలెనే యొక ఫలకము వేఱొక ఫలకము క్రిందికి జొచ్చె నని కొందఱు. దళసరియైన లావాపీఠభూమి తన బరువుచేతనే యడుగునఁ గరఁగె నని కొందఱు. అన్నిచోట్లను ఒక్కటే విధము జరిగియుండు ననుకొనుట నాకుఁ దోఁచినంతలో అనావశ్యకము.

వయస్సు తెలియుట కాధారము జిర్కాను అను ఖనిజము. ఇసుకరేణువంత యుండు నీ గింజ పుట్టునపుడు యురేనియమును తనలోఁ జేర్చుకొనును, సీసమును జేరనీయదు. యురేనియము క్రమముగా సీసముగా మాఱును. అందులో 238 సంఖ్యగలది సగ మగుటకు 447 కోట్ల యేండ్లును, 235 సంఖ్యగలది సగ మగుటకు 70 కోట్ల యేండ్లును బట్టును. ఒక్క గింజలో రెండు గడియారము లున్న ట్లయినది. ఒకటి తప్పినచో రెండవది పట్టియిచ్చును. క్లేర్ ప్యాటర్సను పండితుఁడు 1956లో ఉల్కలయందలి సీసమును గొలిచియే భూమి వయస్సును నిర్ణయించెను. జిర్కానునకు వేఱొక గుణము గలదు. చుట్టునున్న ఱాయి కరఁగినను తఱచు తాను గరఁగక మిగిలి, క్రొత్త ద్రవమునఁ దనపై క్రొత్త పొరను గట్టుకొనును. గర్భ మొక కాలమునాఁటిది, పొర యొక కాలమునాఁటిది. లేఖకుఁడు భాషను దిద్దినను ఒకానొక పద్యమున పాతపాఠము మిగిలిపోవుట యిట్టిదే. ఆస్ట్రేలియా పశ్చిమభాగమునందలి జాక్ హిల్సులో 440 కోట్ల నాఁటి గింజలు అంతకంటె నెంతో చిన్నదగు ఇసుకఱాతిలో దొరకినవి. ఒడిసాలోని చంపువా చెంత 424 కోట్ల నాఁటి గింజ దొరకినట్లు 2018లో వెల్లడియైనది. తూర్పు ధార్వాడ ఖండమని పిలువఁబడు మన సీమలోని కణశిలలందు 250 కోట్ల పొరలోపల అంతకంటె వృద్ధమగు గర్భముగల గింజలు కనఁబడినవి. మన గుట్టలకు మూలగ్రంథ మున్నదని చెప్పుట కివియే సాక్షులు.

ఈ రహస్యము తెలియకముందు పెద్ద వివాదము నడచినది. దక్షిణదేశమున రెండువిధముల ప్రాచీనశిలలు గలవు: ఒకటి చారల నీసుఱాయి, రెండవది ధార్వాడములని పేరొందిన పలకఱాళ్ల పట్టీలు. కోలారు, రామగిరి బంగారుగనులు ఈ పట్టీలలోనివే. రాబర్టు బ్రూస్ ఫుటు పందొమ్మిదవ శతాబ్ది చివర, నీసుఱాయి ముందు, పలకఱాళ్లు పిదప దానిపైఁ బఱవఁబడిన వనెను. మైసూరు సంస్థానమునఁ బనిచేసిన స్మీతు దానిని దలక్రిందు చేసి, నీసుఱాయియే పలకఱాళ్లలోనికిఁ జొచ్చినదని వాదించి, 1916లో దానికిఁ బెనిన్సులరు నీసు అని పేరిడెను. తల్లి యెవరు, బిడ్డ యెవరు అను తగవు చాలకాలము తెగలేదు. వయస్సులు కొలువఁగా నిరువురి మాటయు నిజమే యైనది. నీసు ఒక్కటి కాదు. 330 కోట్ల నాఁటి నీసుపై పలకఱాళ్లు పఱవఁబడినవి. పిదప 260 మొదలు 250 కోట్ల నడుమఁ బుట్టిన కణశిలలు ఆ పలకఱాళ్లలోనికిఁ జొచ్చినవి. ఒకే పేరు క్రింద ముత్తవ్వయు మునిమనుమరాలును ఉండిరి.

శంషాబాదు ఱాళ్లు ఈ కడపటి తరమునకుఁ జెందినవి. ఆకాలమున లోపలినుండి వచ్చిన వేఁడిమిచే బూడిదరంగు పాతపటలము అడుగుభాగమునఁ గరఁగెను. ముందు కరఁగునవి పలుగును పొటాషియపు ఫెల్స్పారును. ఆ ద్రవము పైకి వచ్చి గట్టిపడినపుడు గులాబిరంగు కణశిల యైనది. కరఁగక మిగిలిన ముదురు బూడిదరంగు తునకలు అందులోఁ జిక్కుకొని నేఁటికిని గానవచ్చును. ఈ మహాద్రవణము ముగిసిన పిదప ఖండము గట్టిపడి, పెద్దగాఁ జలింపక నిలిచినది.

ఇందొక ఫలము జనుల యెముకలదాఁక వచ్చినది. ఖనిజములలో నిముడని ధాతువులు ప్రతి ద్రవణమునందును ద్రవముతోనే పైకి వచ్చును. పొటాషియము, యురేనియము, థోరియము అట్టివి, ఫ్లోరినును అట్టిదే. రెండుమూఁడుమాఱులు గాచి తీసిన నేతివలె మన కణశిలలో నివి పేరుకొన్నవి. ఫ్లోరిను నల్లని అభ్రకమునందును ఆపటైటునందును ఫ్లోరైటునందును ఉండును. వాన తక్కువయై, లోతైన పగుళ్లలో నీరు చిరకాలము నిలిచినచోట, అది నీటఁ గరఁగి బావులలోనికి వచ్చును. శంషాబాదునకుఁ దూర్పుననున్న నల్లగొండ సీమలో ఆ నీరు త్రాగి పండ్లు గారకట్టి, కాళ్లు వంకరపోయి, నడుములు వంగిపోయినవారిని తెలుఁగువా రెఱుఁగనివారు లేరు. చెన్నపురి రాజధానిలోని నెల్లూరు మండలమున నీ వ్యాధిని షార్టు మున్నగు వైద్యులు 1937లోఁ బ్రకటించిరి. దోషము నిన్న మొన్నటిది కాదు. 250 కోట్ల యేండ్లక్రిందటి కాఁపునకుఁ జెందినది. ఐనను లోతైన బోరులు త్రవ్వి యా నీటిని బైకిఁ దెచ్చుట మాత్రము మన పనియే.

ఖండము గట్టిపడిన పిదపఁ బగుళ్లలోనికి డోలరైటు అను నల్లని ద్రవము పలుమాఱులు చొచ్చి గోడలవలె నిలిచినది. దక్షిణదేశమునఁ బెక్కింటికి 237 కోట్ల వయస్సు తేలినది. కాకతీయులు 1163లో హనుమకొండ వేయిస్తంభముల గుడియందు అద్దమువలె మెఱయునట్లు చెక్కించినది ఈ జాతి నల్లఱాయియే. పడమటనున్న వికారాబాదు కొండల లావా మిక్కిలి చిన్నది; దానికి 6.6 కోట్ల యేండ్లే.

గుండ్ల నెవ్వరును బేర్చలేదు. పైనున్న ఱాయి కొట్టుకొనిపోఁగా బరువు తగ్గి కణశిల నిలువునను అడ్డమునను బగిలెను. పగుళ్లవెంట నీరు దిగి మూలలను ముందుగా నఱగించి మొరముగా మార్చెను. మొరము కొట్టుకొనిపోఁగా గుండ్లు మిగిలినవి. ఱాయి యే వాటమునఁ జీలునో వడ్డెరలకు శాస్త్రజ్ఞులకంటె ముందే తెలియును.

ఈ గుట్టల రక్షణకై 1996లో హైదరాబాదున ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అను సంఘ మేర్పడినది. అందచందములకొఱకే కాక వేఱొక కారణముచేతను వీనిని గాపాడవలెను. ముక్కలైన కంకర వయస్సును జెప్పఁగలదు గాని వరుసను జెప్పలేదు. బూడిదరంగు తునకను గులాబి ఱాయి చుట్టియున్నదా, గులాబి ఱాతిని తెల్లని పలుగుతీఁగ కోసినదా, ఆ తీఁగను నల్లని గోడ కోసినదా అనునది నిలిచియున్న బండమీఁదనే తెలియును. కోయఁబడినది ముందుది, కోసినది వెనుకది. వాన వెలిసిన వెంటనే బండ తడిగా నున్నపుడు చూచినచో ఈ రంగులు మిక్కిలి స్పష్టముగాఁ గనఁబడును.