పన్నెండు మందిలో ఒక్కరు తప్పితే

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరుని పైవాళ్లు అడిగే మొదటి మాట ‘ఎంత శాతం?’ అని. పన్నెండు మంది రాసి ఒక్కరు తప్పితే 91.67. మరుసటి ఏడు తొమ్మిది మంది రాసి ముగ్గురు తప్పితే 66.67. కాగితం మీద చూస్తే ఏడాదిలోనే బడి చెడిపోయినట్టు ఉంటుంది. గదులు అవే, లెక్కల మాస్టారూ ఆయనే. ఇంత చిన్న బడిని శాతంతో తూచడమే తప్పు. తప్పిన ఆ ముగ్గురూ ఎవరు, ఎక్కడ వెనకబడ్డారు అన్నది అడగాలి.

రాష్ట్రం మొత్తానికైతే శాతం ఎంతో కొంత చెబుతుంది. కొవిడ్ వల్ల 2020, 2021లో పరీక్ష లేకుండానే అందరినీ పాస్ చేశారు. 2022లో మళ్లీ పరీక్ష పెడితే ఆంధ్రప్రదేశ్‌లో గట్టెక్కినవాళ్లు 67.26 శాతమే. 71 బడుల్లో ఒక్కరూ పాస్ కాలేదు. ఆ ఏడు పరీక్ష రాసినవాళ్లంతా తొమ్మిదో తరగతిలో నెలల తరబడి బడి ముఖం చూడని పిల్లలు. 2024కి ఉత్తీర్ణత 86.69కి ఎక్కి, 2025లో 81.14కి దిగింది.

అసలు చిక్కు పదిలో మొదలవదు. ‘ప్రథమ్’ సంస్థ 2023 అసర్ సర్వేలో దేశంలోని గ్రామాల్లో 14–18 ఏళ్ల వాళ్లను పరీక్షిస్తే, నలుగురిలో ఒకరు సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం సగం మందికి పైగా చేతకాలేదు. భాగహారం రానివాడికి బోర్డు మీద త్రికోణమితి ఏం అర్థమవుతుంది? జనవరిలో పెట్టే స్పెషల్ క్లాసులు, బిట్లు బట్టీ పట్టించడం 35 మార్కులు తెప్పించవచ్చు. అంతకుమించి ఆశించడం అత్యాశే. తెలంగాణ 2022లో ప్రాథమిక బడుల్లో ‘తొలిమెట్టు’, ఆ తర్వాత హైస్కూళ్లలో ‘ఉన్నతి’ మొదలుపెట్టింది ఈ పునాది కోసమే.

పునాది ఉన్నా బడికి రావాలి కదా. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం వైపు, కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు ప్రాంతానికి మిరప కోతలకు వలస పోతాయి. కోతలు జోరందుకునేదీ, పదో తరగతి రివిజన్ జరిగేదీ ఒకే కాలంలో. అమ్మానాన్నలతో పిల్లలూ వెళ్లిపోకుండా సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు. అక్కడ దొరికే రెండు పూటల అన్నం, పడుకోవడానికి చోటు చాలామందికి ట్యూషన్ కన్నా ఎక్కువ. సాయంత్రం క్లాసు పెడితే ఆకలి సంగతీ చూడాలి. చివరి బస్సు సంగతీ చూడాలి. పొరుగూరి ఆడపిల్లలకు అది పోతే మర్నాటి నుంచి క్లాసే ఉండదు.

చిన్న బడికి లోటు ఒకటుంది: సబ్జెక్టుకు ఒక్కరే టీచరు. ఆయన బదిలీ అయితే ఆ పాఠం ఆగినట్టే. లాభమూ ఉంది, ప్రతి పిల్లవాడి ఇల్లూ టీచర్లకు తెలుసు. నలుగురైదుగురిని ఒక్కో టీచరుకు దత్తత ఇవ్వడం, తెల్లవారుజామున ఫోన్ చేసి చదువుకు లేపడం ఇలాంటి చోటే కుదురుతుంది.

మరో పని కూడా ఉంది, దాన్ని ఏ శాతమూ లెక్కపెట్టదు. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి రూ.12,000 వస్తుంది, కుటుంబ ఆదాయం రూ.3.5 లక్షలు దాటకూడదు. పదిలో మంచి మార్కులొస్తే బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీలు ప్రవేశాల్లో రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల పిల్లల మార్కులకు 4 శాతం అదనంగా కలుపుతాయి. కూలికి పోయే తల్లిదండ్రులకు ఈ సంగతులు చెప్పేదీ, ఆదాయ ధ్రువపత్రం తెప్పించి గడువులోగా దరఖాస్తు నింపించేదీ చాలా ఊళ్లలో బడిలోని టీచర్లే.